జాజు గుర్తు రాయి

కౌల్ బజార్, బళ్లారి
డిసెంబరు 3

వదినకు,

బియ్యం మూట చేరింది. హంపన్న బస్సు దిగి గేటు దాకా మోసుకొచ్చి, "మీ వదిన చీటీ గూడ ఉండాది మేడమ్, మూట్లో చెయ్యి పెట్టి చూడండి" అన్నాడు. మోచేతి దాకా బియ్యంలో పెట్టి వెతికితే దొరికింది. మనం ఒక కండక్టరును పోస్ట్‌మాన్ చేసి పదిహేనేళ్లు దాటింది. నీకు ఇంకా ఫోన్ మీద నమ్మకం రాలేదు. నీ మాటా నిజమేలే. ఫోన్ చేస్తే పక్కనుంచి అన్న "స్పీకర్ పెట్టు" అంటాడు. ఆ తర్వాత మనం మాట్లాడుకునేది కాలువలో నీళ్ల గురించే.

ఈ ఉత్తరం స్పీకర్‌లో పెట్టేది కాదు.

మా సివిల్ లాబ్ అటెండర్ యల్లేష్ గురించి నీకు చాలాసార్లు రాశాను. లాబ్‌లో ఏ మిషన్ అలిగినా నాకంటే ముందు అతనికే తెలుస్తుంది. అతను నవంబరు 24 సాయంత్రం ఆరు గంటలకు సిరిగేరి దారిలో, రెండో కాలువ వంతెన దాటగానే బైక్ మీద నుంచి పడ్డాడు. ఎడమకాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. హెల్మెట్ ఉండబట్టి తల దక్కింది. ఎవరో ట్రాక్టరాయన సిరుగుప్ప ఆసుపత్రిలో చేర్చి, పేరు కూడా చెప్పకుండా వెళ్లిపోయాడట. సంచిలో మా లాబ్ స్పీడ్ గన్, అంటే బండ్ల వేగం కొలిచే మిషన్, ముక్కలైంది.

యల్లేష్ ఒకటే మాట చెప్తున్నాడు: రోడ్డు మీద రాయి ఉంది. మర్నాడు కాలేజీ తరఫున వెళ్లి చూసినవాళ్లు మాత్రం రోడ్డు కడిగినట్టు ఉందనీ, రాయి కాదు కదా చిన్న గులకరాయైనా లేదనీ రాశారు. నేరుగా పోయే రోడ్డు, ఎదురు బండి లేదు, మనిషి ఎట్లా పడతాడు? తాగి ఉంటాడు. ఇదీ లెక్క. ఆ రోజు ఎవరూ పరీక్ష చేయలేదు, ఇప్పుడు చేయలేరు. జనవరి 6న విచారణ. తాగాడని రాస్తే అతని కాంట్రాక్టు అక్కడితో ఆగిపోతుంది. ఆ కాగితం వెంట ఉన్నవాణ్ణి ఇంకే కాలేజీ తీసుకోదు.

సాయంత్రం పూట కాలేజీ మిషన్ పట్టుకొని అక్కడెందుకున్నాడని కూడా అడుగుతున్నారు. ఏదో సర్వే పని మీద వెళ్లి ఉంటాడు.

వంతెన దగ్గర ఆ వారం వడ్లు ఆరబోసింది ఎవరు వదినా? రాళ్లు పెట్టింది ఎవరు? నీ సంఘంలో ముప్పై మంది ఆడవాళ్లు ఉన్నారు. ఊళ్లో ఏ కుక్కకు పిల్లలు పుట్టినా మీకు తెలుస్తుంది. కనుక్కొని రాయి.

నీ
హిమబిందు


సిరిగేరి
డిసెంబరు 9

బిందూ,

నీ ఉత్తరం అందింది. యల్లేష్ కాలు తొందరగా అతుక్కోవాలి. నల్లేరు పచ్చడి పెట్టమని వాళ్లమ్మకు చెప్పు.

వడ్లు ఎవరు ఆరబోశారని అడిగావు. ఎవరు ఆరబోయలేదో అడిగితే ఒక్క ముక్కలో చెప్పేదాన్ని. నీకు తెలియనిదేముంది? మిషన్ కోసిన వడ్లు పచ్చిగా వస్తాయి. రెండు రోజుల్లో ఎండకపోతే కుప్పలోనే వేడెక్కి రంగు మారతాయి. నల్లరేగడి నేల మీద పోస్తే ఆరడం మాట అటుంచి, ఉన్న తేమకు ఇంకాస్త తోడవుతుంది. ఊరికంతా గట్టి నేల అంటే ఆ తారురోడ్డే. సగం రోడ్డు వడ్లకు, సగం బండ్లకు, నడుమ రాళ్లు. రాళ్లు పెట్టకపోతే లారీవాళ్లు సీదా వడ్ల మీదే తోలుతారు. నవంబరులో వంతెన నుంచి స్కూలు దాకా ఎనిమిది ఇళ్లవాళ్లు పోసి ఉంటారు. అందులో ఏ రోజు ఎవరిదో, ఏ రాయి ఎవరిదో నేను ఎట్లా చెప్పేది?

సంఘంలో అడిగాను. నాగలక్ష్మమ్మ అవ్వ, "రాయి నడిచిపోతాదా ఏంది? పెట్టినోడే తీసుంటాడు, తీసినోడు చెప్పడు" అని నవ్వింది. మిగిలినవాళ్లు ఎవరూ మాట్లాడలేదు. అడిగినదాన్ని నేనే కాబట్టి మాట్లాడలేదేమో.

మీ అన్న బాగున్నాడు. నీటి సంఘం పని ఎక్కువైంది. అన్నం సరిగా తినడం లేదు. ఏందని అడిగితే, "సుమ్నే ఉండు, ఊరికే అడగద్దు, కడుపు బాగలేదు" అంటాడు.

ఇంకో మాట, తప్పుగా అనుకోవద్దు. "ఏదో సర్వే పని మీద వెళ్లి ఉంటాడు" అని రాశావు. నీ లాబ్ మిషన్, నీ అటెండర్. ఏ పని మీద వెళ్లాడో నీకు తెలియదా?

ఆవకాయ పంపుతున్నాను. సీసా మూత గట్టిగా ఉంది, చూసి తెరువు.

రోహిణి


కౌల్ బజార్, బళ్లారి
డిసెంబరు 15

వదినా,

నీ చివరి ప్రశ్నకు జవాబు తర్వాత రాస్తాను. ముందు నిన్నటి సంగతి.

యల్లేష్ ఇంటికి వెళ్లాను. కౌల్ బజార్‌లోనే, ఆటోలు కూడా తిరగలేని సందు. మంచం మీద కాలు ఎత్తి పెట్టుకొని, పక్కింటివాళ్ల మిక్సీ విప్పి బాగుచేస్తున్నాడు. వాళ్లమ్మ సుందరమ్మ నన్ను చూసి పీట వేసిందే గానీ మొహం చూడలేదు.

"మా వానికి టీ గూడ అలవాటు లేదమ్మా. తాగినాడంట! రాసినోళ్లు వచ్చి వాసన చూసిపోయినారా?" అంది.

"అమ్మా, మేడమ్ రాసిండేది కాదులే."

"రాసింది కాదు సరే. రాయద్దని చెప్పిందా?"

యల్లేషే మాట మార్చాడు. ఆ సాయంత్రం జరిగింది మళ్లీ మొదటినుంచి చెప్పాడు. బైక్ వేగం నలభై కూడా దాటలేదట. పొద్దు కుంకింది గానీ చీకటి పడలేదు. ఆ వేళప్పుడు లైటు వేసినా ఒకటే, వేయకున్నా ఒకటే. వడ్లు లేవు కాబట్టి రోడ్డంతా ఖాళీ అనుకొని ఎడమ పక్కకు వచ్చాడు. తారు రంగులోనే ఉన్న రాయి దగ్గరికొచ్చేదాకా కనబడలేదు.

"కనపడింది ఎట్లా మరి?" అన్నాను.

"దాని మీద ఎర్రగా ఉండె మేడమ్. ఆ ఎరుపు కనపడె, అంతలోనే ఎగిరి పడితి."

"రక్తమేమో?"

"రక్తం నాది మేడమ్, అది తరువాత వచ్చె" అని నవ్వాడు. విరిగిన కాలు పెట్టుకొని అట్లా నవ్వగలిగినవాణ్ణి తాగుబోతు అని రాయబోతున్నారు.

ఎరుపు అంటే జాజే, మన ఎర్రమన్ను. మన నల్లరేగడిలో మంచి రాయి దొరకదు. సండూరు కొండల వైపు నుంచి బండ్లలో తెచ్చుకున్నవి, తరానికి తరం వాడుకునేవి. కలిసిపోకుండా ప్రతి ఇల్లూ జాజుతో తన గుర్తు వేసుకుంటుంది. మన ఇంటివాటికి నాన్న గుండ్రంగా గీసి మధ్యలో అడ్డగీత పెట్టేవాడు. బ్రష్ కాదు, వేపపుల్ల నమిలి దానితో. మిగిలిన ఇళ్ల గుర్తులు నాకు జ్ఞాపకం లేవు. యల్లేష్‌కు గుర్తు ఆకారం జ్ఞాపకం లేదు. నేను మరీ మరీ అడగలేదు. ఎందుకు అడగలేదో నీకు రాయాలనుకొని రెండుసార్లు కొట్టేశాను.

ఇక ఇంజనీరుగా ఒక మాట. ఆ రాయి చేసే పని ఏమిటని రాత్రంతా ఆలోచించాను. లారీని ఆపదు. లారీ డ్రైవరును భయపెడుతుంది, అంతే. ఆ భయం కోసం రాయే ఉండాలా? తగిలితే విరగకుండా, విరిచెయ్యకుండా ఉండేది పెట్టినా డ్రైవరు భయపడితే చాలు కదా? యూరియా సంచుల్లో ఊక నింపి, పైన రేడియం స్టిక్కరు కుట్టి పెడితే ఎట్లా ఉంటుంది? అసలు వడ్లు రోడ్డెక్కడమే తప్పు, ఊరికో ఆరబోత కట్ట, అంటే సిమెంటు కళ్లం, ఉండాలి, అది నాకు తెలుసు. కట్ట కట్టే దాకా రాళ్లు ఉండనిద్దామా? నా ఆలోచన తప్పయితే చెప్పు. నేను తెలివైన పని చేస్తున్నానో, తప్పును అందంగా ముస్తాబు చేస్తున్నానో నాకే తెలియడం లేదు.

రేడియం చుట్ట ఒకటి హంపన్న చేతికిచ్చాను. నీ సంఘంలో కుట్టుమిషన్లు ఖాళీగానే ఉన్నాయి కదా.

బిందు


సిరిగేరి
డిసెంబరు 23

బిందూ,

నీ ఊక సంచుల కథ ముందు చెప్తాను. తర్వాతది చివర రాస్తాను. మొదలే రాస్తే సంచుల కథ నువ్వు చదవవు.

ఆరు సంచులు కుట్టాం. ఆలస్యంగా కోసిన మడి ఒకటి ఉంటే ఆ వడ్లు పోసి, నడుమ వరుసగా పెట్టాం. పక్కన కూర్చొని చూశాం. మొదటి లారీవాడు హారన్ కూడా కొట్టలేదు. సంచి మీద, వడ్ల మీద తోలుకొని పోయాడు. రెండోదాన్ని గాలి దొర్లించుకొని కాలువలో పడేసింది. మూడోదాన్ని మేక చింపింది. నాగలక్ష్మమ్మ అవ్వ చేతికర్ర నేలకు కొట్టి, "పొట్టు సంచికి భయపడే మొగోడు యాడ పుట్టినాడమ్మే? మీ బిందు బుక్కుల్లో సదివి సెప్తే మీరు కుడతాండారు!" అని ఊరంతా వినేట్టు నవ్వింది.

నాకు కోపం వచ్చింది. "అయితే లారీవాడు దేనికి భయపడతాడవ్వా, నువ్వే చెప్పు" అన్నాను.

అవ్వ ఆలోచించింది. "ఎనుముకు" అంది. "బర్రెగొడ్డును గుద్దితే లారీ పోతాది, లైసెన్సు పోతాది, ఊరు ఊరే మీద పడతాది. మనిషిని గుద్దినోడన్నా పారిపోతాడు గాని, ఎనుమును గుద్దినోడు పారిపోలేడు, అది అడ్డం పడుంటాది గదా."

అందరం నవ్వాం. నవ్వి ఆగిపోయాం.

సంచికి నల్లగుడ్డ తొడిగాం. అడుగున రెండు దోసిళ్ల కాలువ ఇసుక పోశాం, గాలికి కదలకుండా. నీ రేడియంను కత్తిరించి, ముందువైపు రెండు గుండ్రటి కళ్లు కుట్టాం, వెనకవైపు కూడా రెండు, అటునుంచి వచ్చేవాళ్లకు. లైటు పడితే పడుకున్న ఎనుము తల తిప్పి చూసినట్టు ఉంటుంది. మొన్న సాయంత్రం పెట్టాం. వచ్చిన మొదటి లారీ వంతెన అవతలే బ్రేకు కొట్టింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఏయ్, ఎవరివప్పా ఈ ఎనుములు, రోడ్డు మీద కట్టేసినారు?" అని అరిచాడు. దగ్గరికొచ్చి చూసి ఒక్కటే తిట్టు తిట్టాడు. కానీ మెల్లగానే పోయాడు బిందూ. వెనకొచ్చిన నాలుగు బండ్లూ మెల్లగానే పోయాయి. అవ్వ ఇప్పుడు అది తన కనిపెట్టుడే అని చెప్పుకుంటోంది. చెప్పుకోనీ.

ఇప్పుడు చివరిది.

ఆ రాయి మనదే. గుండ్రం, అడ్డగీత.

ఆ రోజు మధ్యాహ్నం మన వడ్లు ఎత్తేశాం. నీకు తెలుసు కదా, వడ్లు ఆడవాళ్లు ఎత్తాలి, రాళ్లు మగవాళ్లు ఎత్తాలి. జాజు పెట్టి, మొదటిరోజు బొట్టు పెట్టి మగవాళ్లు పేర్చిన రాయిని ఆడది కదిలించకూడదని మీ అమ్మ నాకు పెళ్లయిన ఏడాదే నేర్పింది. మొత్తం పద్నాలుగు రాళ్లు. మూటలు లోడు చెయ్యడానికి లారీ తొందరపెడితే మీ అన్న పదమూడు ఎత్తి వెళ్లాడు. వంతెన పక్కది మిగిలిపోయింది. నేను చూశాను. వడ్ల గంప నెత్తిన పెట్టుకొని ఆ రాయిని దాటుకొనే ఇంటికి వచ్చాను. వంగి పక్కకు తొయ్యడానికి ఒక నిమిషం పట్టేది. నా పని కాదనుకున్నాను.

గుర్తొచ్చి మీ అన్న ట్రాక్టరు వేసుకొని రాయి కోసం వెళ్లేసరికి మనిషి పడి ఉన్నాడు. ఆ ట్రాక్టరాయన మీ అన్నే. ఆసుపత్రిలో దించి, తిరిగొస్తూ రాయి తెచ్చి కొట్టం వెనక ఊక కుప్పలో పెట్టాడు. నీ సంచులకు ఊక తీసేటప్పుడు నా పారకు తగిలింది, నిలదీస్తే అప్పుడు ఇదంతా చెప్పాడు. అందుకే ఆరు సంచులే నింపాను.

పోయిన ఉత్తరంలోనే రాయాల్సింది. నీకు తెలిసిపోయిందని కూడా తెలుసు, గుండ్రం, అడ్డగీత అని అంత వివరంగా రాశాక.

మీ అన్నకు ఈ ఉత్తరం సంగతి తెలియదు.

రోహిణి


కౌల్ బజార్, బళ్లారి
డిసెంబరు 27

వదినా,

మొదట కోపం వచ్చింది. నీ మీద కాదు, అన్న మీద. నెల రోజులు ఒక మనిషి తాగుబోతు అనిపించుకుంటుంటే ఊక కుప్పలో రాయి దాచుకొని ఎట్లా పడుకున్నాడు? అడుగుదామని ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు నీ పాత ప్రశ్న గుర్తొచ్చి కింద పెట్టేశాను. ఏ పని మీద వెళ్లాడో నీకు తెలియదా?

తెలుసు. నేనే పంపాను.

సిరిగేరి దారిలో వడ్ల కాలంలో బండ్ల వేగం ఎట్లా మారుతుందో కొలవాలని అక్టోబరులోనే అనుమతి అడిగాను. రాలేదు. వడ్లు మాత్రం నా అనుమతి కోసం ఆగవు కదా. "యల్లేష్, రెండు సాయంత్రాలు వెళ్లి కొలుచుకొని రా, కాగితం తర్వాత వస్తుంది" అన్నాను. అతను పడిన మర్నాడు ప్రిన్సిపాల్ అడిగితే, "నాకు తెలియదు సార్, కనుక్కుంటాను" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక నాకే విచిత్రంగా అనిపించింది, వేరే ఎవరో అన్నట్టు. అప్పటినుంచి రోజూ దాన్ని ఎప్పుడు సరిచేద్దామా అని చూస్తూ, ఊక సంచుల గురించి ఆలోచిస్తున్నాను. కొత్త ఆలోచన పట్టుకొని కూర్చుంటే పాత అబద్ధం పక్కనే ఉన్నా సలపదు, ఈ సంగతి నాకు ఇప్పుడే తెలిసింది.

సుందరమ్మ నా మొహం ఎందుకు చూడలేదో నీకు ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. యల్లేష్ ఆమెకు చెప్పాడు. బయట ఎవరికీ చెప్పలేదు. విచారణ కాగితంలో కూడా నా పేరు రాయలేదు.

జనవరి 6న నేను చెప్తాను. నేను పంపానని, నేనే అబద్ధం చెప్పానని. దాంతో "అక్కడెందుకున్నాడు" అన్నదానికి జవాబు దొరుకుతుంది. "ఎట్లా పడ్డాడు" అన్నదానికి దొరకదు. దానికి రాయి కావాలి. నేను అన్నను రమ్మని అడగను. నీ ఉత్తరం సంగతి కూడా ఎత్తను. అతని రాయి, అతనే ఎత్తాలి.

ఎనుముల సంగతి చదివి, ఇంత కోపంలోనూ గట్టిగా నవ్వాను. అవ్వకు నా నమస్కారం. వేగం కొలవకుండా నాకు నమ్మకం రాదు గానీ, డ్రైవరు తిట్టాడంటే మాత్రం సగం నమ్ముతున్నాను.

బిందు


సిరిగేరి
జనవరి 4

బిందూ,

నీ ఉత్తరం మీ అన్నకు చదివి వినిపించాను. పదిహేనేళ్లలో ఇదే మొదటిసారి. నువ్వు ఎత్తనన్నావు గానీ నేను ఎత్తకుండా ఉండలేకపోయాను.

అరుగు మీద కూర్చొని మొత్తం విన్నాడు. "నేను పంపాను" అన్న దగ్గర తల ఎత్తాడు.

"పాప ఆ మాట అందురి ముందరా చెప్తాదంటనా?"

"చెప్తాదంట."

"ఉద్యోగం పోతే?"

"అది రాయలేదు."

"నేను వాణ్ణి ఒదిలేసి పోలేదు రోహిణీ. చేతుల మీద ఎత్తుకొని పోయినా" అన్నాడు.

"ఎవరు కాదన్నారు? అది గూడ చెప్పు పోయి."

"నీటి సంఘం అధ్యక్షుడు రోడ్డు మీద రాయి ఇడిచిపెట్టినాడని సిరుగుప్ప దాకా నవ్వుతారు. పోలీసోళ్లు ఏమంటారో."

"నేను గూడ దాటుకొని వచ్చినా. నన్ను గూడ తోడుకొని పో."

లేచి కొట్టం వైపు పోయాడు. నేను గిన్నెలు తోముతున్నాను. రాయి మీది ఊక ఊడ్చిన చప్పుడు వినిపించింది. బకెట్‌తో నీళ్లు ఇవ్వనా అంటే, "కడగద్దు. జాజు పోతాది" అన్నాడు.

అంతకు మించి నాకూ తెలియదు. 6వ తేదీ పొద్దున బస్సుకు వస్తాడో రాడో నేను రాయలేను. రాత్రి మాత్రం రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

రోహిణి


కౌల్ బజార్, బళ్లారి
జనవరి 7

వదినా,

నువ్వు హంపన్న నోట సగం వినే ఉంటావు. మిగతా సగం ఇది.

పది గంటలకు మొదలైంది. ప్రిన్సిపాల్ గదిలో పొడుగు బల్ల, ముగ్గురు సభ్యులు. యల్లేష్ కర్రల మీద, పక్కన సుందరమ్మ. నన్ను పిలవకముందే లేచాను, కూర్చుంటే మళ్లీ లేవలేనని భయం. నేను పంపానని చెప్పాను. తెలియదని అబద్ధం చెప్పానని చెప్పాను. ఒక సభ్యుడు అద్దాలు తీసి, "సరే మేడమ్, అది వేరే విషయం. రోడ్డు మీద అడ్డం ఉందనడానికి ఆధారం?" అన్నాడు.

నా దగ్గర లేదు. అదే చెప్పాను.

అప్పుడు తలుపు దగ్గర గొడవ. అటెండర్ సిద్ధు ఎవరినో ఆపుతున్నాడు. "మూట బయట పెట్టప్పా" అని అతను, "పెట్టేదానికి కాదప్పా తెచ్చింది" అని అన్న. తెల్లచొక్కా, భుజం మీద యూరియా సంచి. సీదా బల్ల దగ్గరికొచ్చి సంచి దించాడు. బల్ల మీది పెన్నులన్నీ ఎగిరిపడ్డాయి. గుండ్రం, అడ్డగీత. దాని అంచు మీద నల్లగా టైరు రాపిడి.

"నా పేరు ఇంద్రసేన. సిరిగేరి నీటి సంఘం అధ్యక్షుణ్ణి" అన్నాడు. ఆ పదవి ఎందుకు చెప్పాడో నాకు తెలుసు. దాన్ని కూడా రాయి పక్కన పెట్టాడు. "ఈ రాయి మా ఇంటిది. ఎత్తడం మరిచినా. ఈయప్ప దీని మీద పడినాడు. ఆసుపత్రికి తోడుకొని పోయినా. మొహం దగ్గర మొహం పెట్టి ఎత్తినా సార్, తాగిన వాసన లేదు. అది చెప్పాల్సింది ఆపొద్దే. భయపడితి."

యల్లేష్ కర్రల మీద రెండడుగులు ముందుకొచ్చి, రాయి మీద వేలు పెట్టి, "ఇదే ఎరుపు మేడమ్" అన్నాడు. అంత తేలిగ్గా అన్నాడు, పోయిన స్క్రూ దొరికినట్టు.

తాగాడన్న మాట కొట్టేశారు. కాంట్రాక్టు ఉంటుంది, కాలు నయమయ్యేదాకా కూర్చొని చేసే పని ఇస్తారు. నాకు మెమో వచ్చింది. రావాల్సిందే. ఈ ఏడాది నా పేరు మీద మిషన్ ఏదీ బయటికి పోకూడదట. వారం క్రితం అయితే ఇట్లాంటి కాగితానికి నిద్రపోయేదాన్ని కాదు. నిన్న బాగా నిద్రపట్టింది.

బయటికొచ్చాక అన్న సుందరమ్మ ముందు నిలబడ్డాడు. క్షమించమని అడగడం అతనికి రాదు, నీకు తెలుసు. చెప్పులు విప్పి నిలబడ్డాడు. ఆమె ఆ చెప్పుల వైపు చూసి, "బస్సుకు టైముందా? మజ్జిగ తాగి పో" అంది. మజ్జిగ ఇచ్చేటప్పుడు కూడా మొహం చూడలేదు. కేసు పెడతావా అని అన్నే యల్లేష్‌ను అడిగాడు. "నడిచినాక ఆలోచిస్తానన్నా, ఇప్పుడు స్టేషనుకు మెట్లుండాయి" అన్నాడు యల్లేష్. నవ్వాడు గానీ పెట్టనని మాత్రం అనలేదు. అది అతని ఇష్టం.

రాయి మా లాబ్‌లో ఉంది. అన్న తీసుకెళ్లనన్నాడు. హంపన్న దానికి లగేజీ టికెట్ కొట్టాడటగా? టికెట్ ఇంకా సంచికే అంటుకొని ఉంది.

బిందు


సిరిగేరి
మే 11

బిందూ,

రెండో పంట వడ్లు రోడ్డెక్కాయి. వాటితోపాటు అరవై రెండు ఎనుములు.

మొదట ఇరవై కుట్టాం. తర్వాత పక్క క్యాంపు ఊరి ఆడవాళ్లు వచ్చి నేర్చుకొని పోయారు. ఒక ఇంటివాళ్లు మాత్రం "మా తాత రాళ్లు" అని రాళ్లే పెట్టారు. వాళ్లతో నాగలక్ష్మమ్మ అవ్వ మూడు పొద్దులు పోట్లాడింది. నాలుగో పొద్దుకు వాళ్ల కోడలే రాళ్లెత్తి పక్కన పెట్టింది. ఆడది ఎత్తింది, ఆకాశం ఊడిపడలేదు.

పోయిన వారం యల్లేష్ వచ్చాడు. కొంచెం కుంటుతున్నాడు, అది ఇక అట్లాగే ఉంటుందట. మిషన్ ఇవ్వరు కాబట్టి వంతెన నుంచి కరెంటు స్తంభం దాకా రోడ్డు మీద సున్నంగీతలు గీసి, చేతి గడియారంతో ఒక్కో బండిని కొలిచాడు. సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు, మూడు రోజులు. నువ్వు ఈ ఉత్తరం చదివేలోపు కాగితం నీ బల్ల మీద పెట్టి ఉంటాడు, కాబట్టి అంకెలు నేను రాయను. చివరిరోజు చేసిన పని మాత్రం రాస్తాను, అది వాడు నీకు చెప్పడు. హెల్మెట్ పెట్టుకొని, బైక్ తీసుకొని, నేను వద్దు వద్దంటున్నా వినకుండా ఒక ఎనుము మీదికి తోలాడు. సంచి పగిలింది. బైక్ కాస్త ఊగి నిలబడింది. వాడు తల నుంచి కాళ్ల దాకా ఊకే ఊక. "మీ మేడమ్‌కు చెప్తా" అన్నాను. "చెప్పకండమ్మా, ఆమె ఇంకో యాభై సార్లు చెయ్యమంటాది" అన్నాడు. మీ అన్న వాడి భుజాల మీది ఊక దులిపాడు.

నువ్వు అప్పుడు రాశావే, తప్పును అందంగా ముస్తాబు చేస్తున్నానేమోనని. మీ అన్న ఆరబోత కట్టకు అర్జీ పెట్టాడు, నీటి సంఘం తరఫున. స్థలం చూపించారు. కట్టేది ఎప్పుడో తెలియదు. కట్టిన రోజు ఈ ఎనుములన్నిటినీ చింపి, ఊక గొడ్లకు పరిచేస్తాను. అంతవరకు ఉంటాయి. నీకు అనుమానం వచ్చినప్పుడల్లా ఈ పేరా చదువుకో.

నిన్న మన వడ్లు ఎత్తేశాం. మూటలు పోయాక సంచులు నేనే లెక్కబెట్టి ఎత్తాను. మీ అన్న ఎత్తబోతే, ఆగమన్నాను. తర్వాత ఖాళీ చేతులతో వంతెన నుంచి స్కూలు దాకా ఒకసారి నడిచి, మళ్లీ వెనక్కి నడిచాను. పొద్దు కుంకింది గానీ చీకటి పడలేదు. రోడ్డు మీద ఏమీ లేదు. అప్పుడు ఇంటికొచ్చాను.

రోహిణి